మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు: పోయిన నెల మిగిలిన దగ్గు మందు ఇప్పుడు వాడొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దగ్గు, జలుబు మందుల గురించే ఉన్నాయి. చలి మొదలైంది కాబట్టి అది మామూలే. అయితే వాటిని వరసగా చదువుతుంటే ఒక విషయం మళ్లీ మళ్లీ కనపడింది. దాదాపు అందరూ డాక్టర్ రాసిన మందే వాడుతున్నారు, కానీ ఆ మందు రాసింది వాళ్లకి కాదు, లేదా ఈ దగ్గుకి కాదు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఇప్పుడు ఇవే తీసుకుంటున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రమే వేస్తున్నాం.

తణుకు నుంచి ఒక తల్లి: డాక్టర్ గారూ, నమస్తే. మా పెద్దబాబుకి ఏడేళ్లు. పోయిన నెల దగ్గు, ముక్కు కారడం ఉంటే పిల్లల డాక్టర్ సిరప్ రాశారు, తగ్గిపోయింది. సీసాలో సగం మిగిలింది. ఇప్పుడు చిన్నదానికి కూడా అలాగే ఉంది. దానికి ఏడాదిన్నర, 10 కిలోలు. వాడికి 5 మి.లీ. ఇచ్చాం కదా, దీనికి 2 మి.లీ. ఇస్తే సరిపోతుందా? మా అత్తగారు ఇచ్చేయమంటున్నారు.

జవాబు: ఇవ్వకండమ్మా. రెండు మి.లీ. కాదు, ఒక్క చుక్క కూడా వద్దు. మీ అత్తగారు ప్రేమతోనే చెబుతున్నారని నాకు తెలుసు, అయినా ఈ విషయంలో ఆవిడ మాట వినకండి.

మీరు సీసా మీదున్న పేర్లు కూడా రాసి పంపారు, మంచి పని చేశారు. అందులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ ఉన్నాయి. మొదటిది ముక్కు కారడాన్ని ఆపుతుంది, మగత తెస్తుంది. రెండోది రక్తనాళాలను బిగదీస్తుంది. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబర్‌లో ఆదేశించింది, ఆ మాట లేబుల్ మీద కూడా ముద్రించమంది. పాత స్టాకు సీసాల మీద అది ఉండకపోవచ్చు, కాబట్టి లేబుల్ మీద లేదు కదా అని ధైర్యపడకండి. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఇంకా స్పష్టంగా చెప్పింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనూ కూడదు, అమ్మనూ కూడదు, అయిదేళ్ల లోపు వారికి కూడా సాధారణంగా వద్దు అని. మీ పాపకి ఏడాదిన్నరే.

"తక్కువ మోతాదులో ఇస్తున్నాం కదా" అన్న ఆలోచన ఎక్కడ తప్పుతుందో చెబుతాను. పసిపిల్లల్లో మందును విరిచి బయటికి పంపే కాలేయం, కిడ్నీలు ఇంకా పూర్తిగా ఎదిగి ఉండవు, శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి, దగ్గుతోనే వాళ్లు కళ్లెను పైకి తెచ్చుకుంటారు. అలాంటి బిడ్డకు మగత తెచ్చే మందు పోస్తే కొందరు లేపినా లేవనంత మత్తులోకి వెళ్తారు, కొందరు దానికి పూర్తి విరుద్ధంగా రాత్రంతా నిద్ర లేకుండా గింజుకుంటారు, గుండె దడ పెరుగుతుంది. ఎవరిలో ఏది జరుగుతుందో ముందుగా చెప్పలేం. పోనీ ఇంత ప్రమాదానికి దక్కే లాభం ఏమైనా ఉందా అంటే, ఈ వయసులో ఈ మందులు జలుబును ఒక్క రోజు ముందు తగ్గిస్తాయని చెప్పడానికి ఆధారం లేదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగొచ్చు.

మరి ఏం చేయాలి? ముక్కు దిబ్బడకి మామూలు సెలైన్ డ్రాప్స్, పాలు తాగే ముందు, పడుకోబెట్టే ముందు రెండేసి చుక్కలు వేయండి. పాలు, గంజి, పప్పుకట్టు, ఏదైనా సరే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. మీ పాపకి ఏడాది దాటింది కాబట్టి రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె నాకించవచ్చు, దగ్గుకి అది నిజంగానే కొంత పనిచేస్తుంది. ఏడాది నిండని బిడ్డకి మాత్రం తేనె చుక్క కూడా వద్దు, బాటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. కర్పూరం కొబ్బరినూనెలో కాచి ఛాతీకి, ముక్కుకి రాసే అలవాటు మన ఇళ్లలో ఉంది, రెండేళ్ల లోపు పిల్లలకి అదీ ఆపండి. కర్పూరం కొద్దిగా కడుపులోకి వెళ్లినా ఫిట్స్ రావచ్చు. మరిగే నీళ్ల గిన్నె దగ్గర పిల్లని కూర్చోబెట్టి ఆవిరి పట్టడం కూడా వద్దు. ఒళ్లు కాలి ఆసుపత్రికి వచ్చే పిల్లల్ని చూస్తే మీకే అర్థమవుతుంది.

ఒక్క పని తప్పకుండా నేర్చుకోండి. పాప నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడో పొట్ట పైకి లేచేది చూస్తూ, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరులు లెక్కపెట్టండి. ఏడాది నుంచి అయిదేళ్ల పిల్లల్లో నిమిషానికి 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో 50 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అది న్యుమోనియా కావచ్చు, ఆరోజే డాక్టర్‌కి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

జ్వరం మందు గురించి కూడా అడిగారు. పారాసిటమాల్ ఇవ్వొచ్చు, కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున, అంటే మీ పాపకి ఒకసారికి 100 నుంచి 150 మి.గ్రా. ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి కనీసం నాలుగు గంటలు ఆగాలి, ఆరు గంటలైతే ఇంకా మంచిది, రోజు మొత్తం మీద నాలుగుసార్లకి మించొద్దు. తల్లులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. మందు ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 250 మి.గ్రా. ఉంటుంది. డ్రాప్స్ చిన్న సీసా కదా, పలచన మందు అనుకుని సిరప్ కొలతలో 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. వెళ్లిపోతుంది, అది పెద్దవాళ్ల మాత్ర ఒకటి మింగించినట్టు. సీసాతో వచ్చిన డ్రాపర్, మూత, సిరంజి ఏదుంటే దానితోనే కొలవండి, ఒక సీసా డ్రాపర్ ఇంకో మందుకి వాడకండి, వంటింటి చెంచా అసలే వద్దు.

ఆ మిగిలిన సగం సీసాని పెద్దబాబు కోసం కూడా దాచకండి. తెరిచిన సిరప్ ఎన్నాళ్లు ఉంటుందో లేబుల్ మీద చూడండి. నన్నడిగితే ఆ దగ్గు తగ్గిన రోజే పారేయాలి.

ఖమ్మం నుంచి: మధ్యప్రదేశ్‌లో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన వార్త చూసినప్పటి నుంచి సిరప్ అంటేనే భయంగా ఉంది. డాక్టర్ రాసిన మందు కూడా మానేయాలా?

జవాబు: మీ భయం న్యాయమైనదే. 2025లో చింద్వారా జిల్లాలో ఇరవై మందికి పైగా పసిపిల్లలు పోయారు. వాళ్లకి ఇచ్చింది కోల్డ్‌రిఫ్ అనే సిరప్, తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. దాని ఎస్ఆర్-13 బ్యాచ్‌ను తమిళనాడు అధికారులు పరీక్షిస్తే అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉంది. ఉండదగిన హద్దు 0.1 శాతం. ఇది పరిశ్రమల్లో వాడే ద్రావకం, చూడ్డానికి, రుచికి సిరప్‌లో వేసే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌లాగే ఉంటుంది, నాసిరకం ముడిసరుకు కొని పరీక్ష చేయకుండా వాడితే ఇది లోపలికి వచ్చేస్తుంది, కిడ్నీలను చంపేస్తుంది. 2022లో గాంబియాలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా ఇదే విషం బయటపడింది, అదీ మన దేశం నుంచి వెళ్లిన సిరప్‌లలోనే. ఇన్నేళ్లుగా తెలిసిన విషం మళ్లీ పిల్లల సీసాలోకి రావడం నేను క్షమించలేని విషయం, ఆ తల్లిదండ్రులు చేసిన తప్పేమీ లేదు, వాళ్లు డాక్టర్ చెప్పిందే చేశారు.

ఇంట్లో కూర్చుని చూసి, వాసన చూసి ఈ విషాన్ని కనిపెట్టలేరు. మీ చేతిలో ఉన్నవి రెండే. అవసరం లేని సిరప్ పిల్లలకి తాగించకపోవడం మొదటిది, అయిదేళ్ల లోపు పిల్లల్లో అవసరం దాదాపు ఉండదని పైన చెప్పాను. తప్పనిసరి అయినప్పుడు బిల్లు తీసుకుని, బ్యాచ్ నంబర్ కనిపించేలా సీసా ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోవడం రెండోది. బ్యాచ్ మీద హెచ్చరిక వస్తే వెంటనే పోల్చుకోవచ్చు. కోల్డ్‌రిఫ్ విషయంలో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం అలాంటి హెచ్చరికే ఇచ్చింది. మందు మొదలుపెట్టాక బిడ్డకి వాంతులు మొదలై మూత్రం తగ్గిపోయినా, సగం రోజు ఉచ్చ పోయకపోయినా, మందు ఆపి సీసాతో సహా పెద్దాసుపత్రికి వెళ్లండి. డాక్టర్‌కి ఫలానా మందు అని నోటితో చెప్పడం కన్నా సీసా చూపించడం మేలు. ఏ మందు వికటించినా జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-3024కి చెప్పొచ్చు, చదువుకున్నవాళ్లే చెప్పాలనేం లేదు.

డాక్టర్ రాసిన మందు మానేయాలా అంటే, మీ అంతట మీరు మానేయకండి. ఆయాసానికి ఇన్హేలరో, న్యుమోనియాకి యాంటీబయాటిక్కో రాసి ఉండొచ్చు, అవి మానితే ప్రమాదం. "సార్, ఇందులో ఏమున్నాయి, ఇది దేనికి, ఎన్ని రోజులు?" అని ఎదురుగానే అడగండి. ఆ ప్రశ్నకి చిరాకుపడే డాక్టర్ అయితే ఇంకొకరిని చూసుకోండి.

నల్గొండ నుంచి, 66 ఏళ్లు: బీపీ ఉంది, ప్రోస్టేట్ వాపుకి మాత్రలు వాడుతున్నాను. మా ఆవిడకి రాసిన జలుబు మాత్రలు రెండు రోజులు వేసుకున్నాను. ముక్కు తగ్గింది గానీ మూత్రం సరిగా రావడం లేదు, తల తూలుతోంది. వయసు వల్లనా?

జవాబు: వయసు వల్ల కాదండీ, ఆ మాత్రల వల్ల. అందులోని క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయం కండరాన్ని బలహీనపరుస్తుంది, ఫినైలెఫ్రిన్ దాని మెడను బిగిస్తుంది, అప్పటికే ప్రోస్టేట్ అడ్డంగా ఉన్నవారికి రెండూ కలిస్తే మూత్రం పూర్తిగా ఆగిపోయి గొట్టం వేయాల్సి వస్తుంది. ఈరోజే ఆపేయండి, మూత్రం ఆగి పొత్తికడుపు ఉబ్బితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, బీపీ కూడా చూపించుకోండి. ఇంకో సంగతి, 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ, నోటి ద్వారా వేసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పనిచేయడం లేదని తేల్చింది. అంటే మీరు ఈ ఇబ్బంది పడింది పెద్దగా ఉపయోగం లేని దానికోసం. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

గుంటూరు నుంచి: జలుబు, ఒళ్లు నొప్పులు ఉంటే డాక్టర్ జలుబు మాత్ర రోజుకు మూడు రాశారు. జ్వరం తగ్గకపోతే నేనే డోలో 650 కూడా నాలుగు వేసుకుంటున్నాను. సాయంత్రం ఒక పెగ్గు అలవాటు. ఫర్వాలేదా?

జవాబు: ఫర్వా ఉంది. మీరు ఫోటో పంపిన జలుబు మాత్రలో ఒక్కోదానిలో 500 మి.గ్రా. పారాసిటమాల్ ఉంది. మూడింటికి 1500, డోలో నాలుగింటికి 2600, మొత్తం 4100 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4000 దాటకూడదు. రోజూ తాగేవారి కాలేయం అంత కూడా తట్టుకోదు, 2000 దగ్గరే ఆగమని చెబుతాం. డోలో మానేయండి, జలుబు తగ్గి మాత్రలు ఆపేదాకా మద్యం ముట్టకండి, జలుబు మాత్రలో మగత తెచ్చేది కూడా ఉంది, మద్యంతో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది, అలా బండి నడపొద్దు. కడుపులో కుడివైపు నొప్పి, వాంతులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆలస్యం చేయకండి. అసలు ఇన్ని రోజులు ఇలాగే వేసుకున్నారు కాబట్టి ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోవడమే మంచిది.

హైదరాబాద్ నుంచి ఒక అమ్మ: మా వాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పోయినేడు పొడి దగ్గుకి కోడీన్ ఉన్న సిరప్ రాశారు. ఇప్పుడు వాడి గదిలో అవే ఖాళీ సీసాలు చాలా కనిపించాయి. అడిగితే దగ్గు తగ్గడం లేదంటాడు. ఆపితే జలుబు, ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టదు అంటున్నాడు. వాళ్ల నాన్నకి చెప్పడానికి భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీరు ముందు కాస్త ధైర్యంగా ఉండండి, వాడిని తిట్టకండి. కోడీన్ నల్లమందు జాతికి చెందిన మందు, కడుపులోకి వెళ్లాక కాలేయం దానిలో కొంత భాగాన్ని మార్ఫీన్‌గా మారుస్తుంది. డాక్టర్ రాసిన మోతాదులో కొద్ది రోజులు వాడితే పొడి దగ్గుని ఆపుతుంది. అంతకు మించి వాడితే శరీరం దానికి అలవాటు పడుతుంది. మీరు రాసిన లక్షణాలు, ముక్కు కారడం, కళ్ల నీళ్లు, ఆవులింతలు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం, ఇవన్నీ మందు మానినప్పుడు వచ్చేవి. చూడ్డానికి అచ్చం జలుబులాగే ఉంటాయి, అందుకే పిల్లలు జలుబు మళ్లీ తిరగబెట్టిందని నిజంగానే నమ్మి మళ్లీ అదే సీసా తీస్తారు. మీ అబ్బాయి మీతో అబద్ధం చెబుతున్నాడని అనుకోవాల్సిన పని లేదు.

ఈ మందు హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రాసిన డాక్టర్, రోగి, ఎంత ఇచ్చారు అన్నది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. అంటే అన్ని సీసాలు మామూలు దారిలో వచ్చి ఉండవు, అది మీకు తెలియాలి, కానీ ఆ విచారణ ఇప్పుడు మొదలుపెట్టకండి. ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, గదిలో బంధించి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, మాట్లాడటానికి డబ్బులు అక్కర్లేదు. ఎప్పుడైనా పిలిచినా పలకకుండా, ఊపిరి నెమ్మదించి, కనుపాపలు సూదిమొనంత చిన్నగా అయిపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే, 108. వాళ్ల నాన్నకి చెప్పండి, ఒక్కరే మోయలేరు ఇది.

ఈ సిరప్ ఇంట్లో ఉన్న మిగతావాళ్లకి కూడా ఒక మాట. కొందరి కాలేయం పుట్టుకతోనే కోడీన్‌ని చాలా వేగంగా మార్ఫీన్‌గా మారుస్తుంది, చూసి చెప్పలేం. అందుకే 2017లో అమెరికా ఎఫ్‌డీఏ పన్నెండేళ్ల లోపు పిల్లలకు దీన్ని ఇవ్వకూడదంది, 2018లో ఇలాంటి దగ్గు మందులు పద్దెనిమిదేళ్లు నిండినవారికే అంది. పాలిచ్చే తల్లులు కూడా వాడొద్దు, పాల ద్వారా బిడ్డకి వెళ్తుంది.

అనంతపురం నుంచి: మా ఆరేళ్ల పాపకి మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిసిన సిరప్ రాశారు. ముక్కు బాగుంది గానీ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి ఏడుస్తోంది, పగలు ఊరికే కోపం. సంబంధం ఉందా?

జవాబు: ఉండొచ్చు. పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు మాంటెలుకాస్ట్‌తో కొందరిలో వస్తాయి, 2020లో ఎఫ్‌డీఏ దీనికి అతి తీవ్రమైన హెచ్చరిక తగిలించింది. రాసిన డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేసి ఇది చెప్పండి. పాపకి ఆస్తమా లేకపోతే ఆపడానికి ఆయన ఒప్పుకుంటారు, ఆస్తమా ఉంటే బదులు మందు ఇస్తారు. మామూలు జలుబుకి ఈ మందు అవసరం లేదు.

డాలస్ నుంచి: అమ్మ మా దగ్గరికి వచ్చింది, దగ్గు పట్టుకుంటే ఇక్కడి డాక్టర్ బెంజొనటేట్ క్యాప్సూల్స్ రాశారు. అమ్మకి మింగడం కష్టం, నలిపి తేనెలో కలిపి ఇవ్వనా? ఇండియా నుంచి తెచ్చుకున్న ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్, ఆందోళనకి వాడే మాత్ర) కూడా వాడుతోంది. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు.

జవాబు: నలపొద్దు, నమలొద్దు, చప్పరించొద్దు. ఆ మందు నోటిలో విడుదలైతే నాలుక, గొంతు మొద్దుబారి మింగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగలేకపోతే డాక్టర్‌కి చెప్పి వేరేది రాయించుకోండి. వాళ్లు మార్చేటప్పుడు, లేదా మీరే షాపులో కొనేటప్పుడు, డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్నది తీసుకోకండి. అక్కడ చీటీ లేకుండా దొరికే దగ్గు మందుల్లో చాలావాటిలో అది ఉంటుంది, ఎస్సిటలోప్రామ్‌తో కలిస్తే వణుకు, చెమటలు, జ్వరం, గందరగోళం రావచ్చు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల పేర్లన్నీ ఆ డాక్టర్‌కి చెప్పారా? చాలామంది చెప్పరు, మన మందులు కదా అని వదిలేస్తారు.

బాబు గురించి నాకు ఎక్కువ దిగులుగా ఉంది. గుండ్రంగా మెరుస్తూ ఉండే ఈ క్యాప్సూల్ పిల్లలకి మిఠాయిలా కనపడుతుంది. పదేళ్ల లోపు పిల్లలు ఒకటి రెండు మింగి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి, 2010లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది. పావుగంట, ఇరవై నిమిషాల్లోనే లక్షణాలు మొదలవుతాయి. అమ్మ దిండు కిందో, పర్సులోనో పెట్టుకుంటారు కదా, అక్కడి నుంచి తీసి తాళం వేసి పెట్టండి. బాబు మింగాడన్న అనుమానం వచ్చినా సరే లక్షణాల కోసం ఎదురుచూడకండి, 911కి చేయండి, పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222.

ఆదిలాబాద్ నుంచి, 48 ఏళ్లు: నెల రోజులుగా దగ్గు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి అదే సిరప్ మూడోసారి కొన్నాను. తాగినంతసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఇంకేదైనా గట్టి సిరప్ చెప్పండి.

జవాబు: చెప్పను. రెండు వారాలు దాటిన దగ్గుకి సిరప్ మార్చడం కాదు, కళ్లె పరీక్ష చేయించాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉన్నా లేకపోయినా సరే. మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీబీ పరీక్ష, మందులు ఉచితం, నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666లో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. దగ్గుని అణచివేసే సిరప్ తాగుతున్నన్ని రోజులు మీరు జబ్బుని కప్పిపెడుతున్నారు, అది టీబీ అయితే ఇంట్లో పిల్లలకి కూడా పంచుతున్నారు.

మీరు ఉత్తరం చివర బీపీకి ఎనలాప్రిల్ వాడుతున్నానని రాశారు. ఆ జాతి మందులు కొందరిలో పొడి దగ్గు తెస్తాయి, ఏ సిరప్‌కీ తగ్గదు, బీపీ మాత్ర మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. అయితే మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపేయకండి. కళ్లె పరీక్ష ముందు చేయించుకుని, ఆ రిపోర్టు, బీపీ చీటీ, ఆ మూడు సిరప్ సీసాలు ఒకే సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దగ్గు ఎప్పుడు మొదలైంది, బీపీ మాత్ర ఎప్పుడు మొదలైంది, ఈ రెండు తేదీలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.